కానరానిదియు లేనిదియు

"నీకేమియు లేదు" అను మాట వినవలెననియే మనలో చాలమంది వైద్యుని కడకు పోవుదుము. ఆ మాట చెవిని బడగానే గుండె తేలికయగును. రుసుము చెల్లించుటకు చేయి వెనుదీయదు. కాని దేహమున నిజముగా బాధ యున్నవానితో ఆ మాటయే చెప్పినప్పుడు జరుగునది వేఱు. "డాక్టరుగారే ఏమీ లేదన్నారు గదా!" అని ఇంటిల్లిపాదియు నతనివంక చూచెడి చూపు మాఱును. నిన్నటివరకు రోగి, నేడు సోమరి. రోగి ఆడుదియైనచో సోమరి యన్న పేరుతోనైన విడువరు. గాలి సోకినదనియో, పని తప్పించుకొనుటకు వేసిన వేషమనియో అందురు.

ఆ చిన్న మాటలో రెండర్థములు కలిసిపోయి యున్నవి. "నేను వెదకినచోట నాకేమియు కనబడలేదు" అనునది యొకటి. "నీయందు వ్యాధి లేదు" అనునది రెండవది. మొదటిది వైద్యుడు తన్ను గూర్చి తాను చెప్పుకొనునది. రెండవది రోగిపై నిచ్చు తీర్పు. మొదటిదానినుండి రెండవదానికి దాటుటకు మన కధికార మెప్పుడు కలుగును? అరుదైన వ్యాధులను గుర్తించుటలో వైద్యశాస్త్రమునకు కష్టములనేకములు కలవు. వానిలో చాలవఱకు శాస్త్రజ్ఞులు చూచుకొనవలసినవి. ఈ యొక్కటి మాత్రము నీతికి సంబంధించిన ప్రశ్న గనుక, వైద్యము చదువని నావంటివాడును దీనిని గూర్చి రెండు మాటలు వ్రాయవచ్చునని తలచుచున్నాను.

లేమి నెట్లు తెలిసికొందుమను విచారము మన శాస్త్రములలో పాతదే. భాట్టమీమాంసకులును అద్వైతులును అనుపలబ్ధి యను నొక ప్రత్యేక ప్రమాణము నంగీకరించిరి. నైయాయికులు దానిని వేఱు ప్రమాణముగా నొప్పుకొనలేదు. ఆ వివాద మట్లుండనిండు. ఒక నియమమున మాత్రము వారందఱును ఏకీభవించిరి. నేలమీద కుండ లేదని చెప్పవలెనన్నచో, కుండ కనబడకపోవుట చాలదు; అక్కడ వెలుతురుండవలెను, చూచువానికి కన్నుండవలెను, కుండ కంటికి కనబడదగిన వస్తువై యుండవలెను. ఉన్నచో తప్పక కనబడి యుండెడిది యను స్థితిలో కనబడనప్పుడే అది లేదనవచ్చును. దీనినే యోగ్యానుపలబ్ధి యనిరి. చీకటిగదిలోనికి తొంగిచూచి కుండ లేదనువానిని చూచి పసిపిల్లలును నవ్వుదురు. కాని "రక్తపరీక్షలో ఏమీ రాలేదు" అన్నప్పుడు, అది యే పరీక్ష, ఆ వ్యాధి యున్నచో ఆ పరీక్షయందు తప్పక కనబడవలసినదేనా యని యడుగువారు మనలో నెందఱు?

మా వీథిలోని యొక కుటుంబమున జరిగిన సంగతి చెప్పెదను. ఆ యింటి పెద్దపిల్లకు అప్పుడు 14 ఏండ్లు. చేతివ్రాత ముత్యములు గ్రుచ్చినట్లుండెడిది. పండుగలకు వీథిలోనివారు శుభలేఖలమీద పేర్లు ఆ పిల్లచేతనే వ్రాయించుకొనెడివారు. ఒక దసరా సెలవుల తరువాత అక్షరములు చిన్నవై, వంకరలు తిరిగి, గీత దాటిపోజొచ్చెను. అశ్రద్ధ యని బడిలో కేకలువేసిరి. కొన్ని నెలలకు మాట ముద్దయయ్యెను. పెదవి కొసనుండి చొంగ కారెడిది. అన్నము కలుపుకొనునప్పుడు చేయి వణకెడిది. ఊరక యేడ్చుట, ఊరక కోపించుట. దగ్గఱనున్న వైద్యుడు నాడి చూచి, రక్తము పరీక్షచేయించి, రక్తము కొంచెము తక్కువగా నున్నదని టానిక్కు వ్రాసి, "ఏమీ లేదమ్మా, ఈ వయసు పిల్లలు ఇట్లాగే ఉంటారు" అని చెప్పెను.

ఆ మాటమీద మూడేండ్లు గడచినవి. నడుమ ఒకసారి పిల్లకు కామెర్లు వచ్చినవి. ఆకుపసరు పోయించిరి, తగ్గినవి, మఱచిపోయిరి. పట్టణములో నొక వైద్యుడు మనోవ్యాధి యని నిద్రమాత్ర లిచ్చెను. నాయనమ్మ మాత్రము మొదటినుండియు తన మాట తాను చెప్పుచునే యుండెను: పిల్ల మిట్టమధ్యాహ్నము చింతచెట్టు క్రిందుగా బడినుండి వచ్చెడిదని. డాక్టర్లు ఏమియు లేదన్న కొలదియు ఆమె మాటకు బలము హెచ్చెను. నిమ్మకాయలు, వేపమండలు, తుదకు ఒక భూతవైద్యుని చర్నాకోల. పెండ్లి చేసిన కుదురునని మేనమామ కొడుకుతో మాటలు కూడ నడచినవి. ఆ చర్నాకోలను నేను నిందించినంతగా చదువరులును నిందింతురు. కాని భూతవైద్యుని కాయింటి తలుపు తెఱచినది ఎవరో కూడ చూడవలెను. బాధ కంటి కెదుట నున్నది. కారణము లేదని చదువుకొన్నవారు చెప్పిరి. కారణము లేని బాధను మనుష్యు డెంతకాల మోర్చుకొనగలడు? చదువు ఖాళీగా విడిచిన చోటులో చింతచెట్టు వచ్చి కూర్చున్నది.

చివరకు, చూపు మసకగా నున్నదని కండ్లజోడుకొఱకు తీసికొనిపోగా, కంటివైద్యురాలు పిల్ల గడ్డమును యంత్రముమీద ఆనించి, సన్నని వెలుగు ప్రసరింపజేసి చాలసేపు చూచెనట. నల్లగ్రుడ్డు అంచున బంగారువన్నెయు గోధుమవన్నెయు కలిసిన సన్నని వలయము. ఆమె కండ్లజోడు మాట యెత్తలేదు. "ఈ పిల్లకు ఎప్పుడైనా కామెర్లు వచ్చినవా?" అని యడిగెను. మూడేండ్లలో ఆ ప్రశ్న యడిగిన మొదటి మనిషి ఆమెయే.

అది విల్సన్ వ్యాధి. మనము తిను నన్నములో కొంచెము రాగి యుండును. దేహమునకు కావలసినది పోగా మిగిలినదానిని కాలేయము పిత్తముతో గూడ వెడలించును. ఆ శక్తి పుట్టుకతోనే లోపించినవారిలో రాగి క్రమముగా కాలేయమునను, మెదడునను, కంటియంచునను పేరుకొనును. సుమారు 30,000 మందిలో ఒకరికని వాడుకలోనున్న లెక్క. దీనిని శాస్త్రము తెలిసికొనిన తీరు విచిత్రమైనది. జర్మనీలో కైజర్ అను వైద్యుడు 1902లోను, ఫ్లైషర్ అను నతడు 1903లోను ఆ కంటివలయమును వర్ణించిరి. లండనులో కిన్నియర్ విల్సన్ 1912లో మెదడును కాలేయమును ఒక్కసారిగా చెడు నొక వ్యాధిని వర్ణించెను గాని కంటివలయమును గూర్చి చెప్పలేదు. ఈ రోగుల మెదడునందును కాలేయమునందును రాగి మిక్కుటముగా నుండునని కమింగ్స్ అను నతడు 1948లో చూపెను. ఆ రాగిని మూత్రముద్వారా వెడలించు పెన్సిలమిన్ అను మందును వాల్ష్ అను వైద్యుడు 1956లో ప్రకటించెను. కన్ను చూచినవాడొకడు, మెదడు చూచినవాడొకడు, రాగిని తూచినవాడొకడు. మా వీథి పిల్ల విషయమున నీ చరిత్రయే మఱల నడచినది. కామెర్లొకరు చూచిరి, వణకొకరు చూచిరి, ఏడ్పొకరు చూచిరి. మూడును ఒక కాగితముమీద వ్రాసినవారు లేరు. అంధగజన్యాయము మనకు కథగా తెలిసినదే. కథలో ఏనుగునకు బాధ లేదు.

వైద్యుల పక్షమున చెప్పవలసినది కలదు, చెప్పకున్న నన్యాయమగును. నాకొక వైద్యమిత్రుడు కలడు. ఉదయమున 100 మందిని, సాయంకాలము మఱికొందఱిని చూచును. "తలనొప్పి యన్న ప్రతివాని తలలోను కంతి యున్నదేమో యని వెదకమంటావా?" అని యతడు నన్నడిగెను. అతని ప్రశ్నలో న్యాయము కలదు. 10,000 మందిలో ఒకరికి వచ్చు వ్యాధి యున్నదనుకొందము. దానికొక మంచి పరీక్ష యున్నది. అది నిజమైన రోగిని ఎన్నడును వదలదు, ఆరోగ్యవంతులలో మాత్రము నూటికొకరిని పొరపాటున రోగి యనును. ఆ 10,000 మందికిని పరీక్ష చేసినచో నిజమైన రోగి ఒకడు దొరకును, పొరపాటున పట్టుబడువారు సుమారు 100 మంది. అనగా ఆ పరీక్ష రోగి యన్నవారిలో నూటికి తొంబదితొమ్మిదిమందికి రోగమే లేదు. వారికి కలుగు భయము, వారు చేయు అప్పులు, అనవసరముగా పడు సూదులు, కోతలు ఎవరి లెక్కలో వ్రాయవలెను? అమెరికాలోని వైద్యకళాశాలలలో విద్యార్థులకొక మాట నేర్పుదురు: గిట్టలచప్పుడు వినబడినప్పుడు గుఱ్ఱమును తలచుకొనుమని, చారలగుఱ్ఱమును కాదని. మంచి మాటయే. అందుచేతనే కాబోలు అచ్చటి అరుదైన వ్యాధిగ్రస్తుల సంఘములు చారలగుఱ్ఱమును తమ గుర్తుగా పెట్టుకొన్నవి.

కాబట్టి పిల్ల చేయి వణకినదనగానే మొదటి వైద్యుడు విల్సన్ వ్యాధిని తలచుకొనలేదని నేనతనిని తప్పుపట్టను. టానిక్కు వ్రాసినందుకును తప్పుపట్టను. టానిక్కు పనిచేయలేదని తల్లి రెండవసారి వచ్చి చెప్పినప్పుడు, మూడవసారి వచ్చి చెప్పినప్పుడు, అతడు తన యూహను శంకింపక తల్లిని శంకించెను. "మీరే పిల్లను గారాబము చేసి చెడగొట్టుచున్నారు" అనెనట. మందు పనిచేయకపోవుట యొక సాక్ష్యము. రోగి ఖర్చు పెట్టి, కాలము పెట్టి, దేహము పెట్టి తెచ్చిన సాక్ష్యము. దానిని రోగిమీదికే త్రిప్పుట అధర్మము. గుఱ్ఱమనుకొనుట తప్పుకాదు, చారలు కండ్లయెదుట కనబడుచుండగా ఎవరో సున్నముతో గీచిరనుట తప్పు.

తల్లుల మాట వచ్చినది గనుక నార్వే దేశపు తల్లి యొకతెను స్మరింపకుండ ఉండలేను. ఆమె పేరు బోర్గ్నీ ఎగెలాండ్. ఆమె కిద్దఱు బిడ్డలు, ఒక కూతురు, ఒక కుమారుడు. పుట్టినప్పు డిద్దఱును చక్కగా నుండి, పెరుగుకొలది బుద్ధివికాసము లేనివారైరి. వారి యొంటినుండి యొక విధమైన ముక్కవాసన వచ్చుచుండెడిది. ఆమె ఆ సంగతి కనబడిన వైద్యునికెల్ల చెప్పెను. వాసన యేమి, బుద్ధి యేమి యని యెవ్వరును చెవిని బెట్టలేదు. 1934లో ఆస్బ్యోర్న్ ఫోలింగ్ అను వైద్యుడు, రసాయనశాస్త్రమునందు కూడ ప్రవీణుడు, ఆమె మాట విని బిడ్డల మూత్రము తెప్పించెను. మధుమేహరోగులకు చేయు మామూలు పరీక్షలలో నొకటిగా ఫెరిక్ క్లోరైడు చుక్కలు వేసెను. ఎన్నడును చూడని ఆకుపచ్చ వచ్చెను. మందులేవైన కారణమేమోయని అవి మాన్పించి మఱల తెప్పించెను. మఱల ఆకుపచ్చయే. వారములకొలది శ్రమించి, అందున్నది ఫినైల్ పైరువిక్ ఆమ్లమని నిర్ణయించెను. పిమ్మట బుద్ధిమాంద్యము గల 430 మందిని పరీక్షించి, వారిలో మఱి ఎనమండుగురియందు అదే ఆకుపచ్చను కనుగొనెను. నేడు ఫినైల్ కీటోన్యూరియా యని పిలువబడు వ్యాధి యట్లు లోకమునకు తెలిసినది.

ఫోలింగ్ తెలివిని అందఱును కొనియాడిరి, కొనియాడదగినదే. నాకు మాత్రము, ఆ యాకుపచ్చకంటె ముందు జరిగినది గొప్పగా తోచును. ఒక వైద్యుడు ఒక తల్లి మాటను సాక్ష్యముగా నంగీకరించెను. బిడ్డను రాత్రింబవళ్లు ఒడిలో పెట్టుకొన్న దాని ముక్కునకు తెలిసినది, పుస్తకములో లేదన్నంతమాత్రమున తెలివికాకుండ పోదు. ఆ కనుగొనుటవలన ఆమె బిడ్డలకు మేలు కలుగలేదు. ఆ వ్యాధికి తగిన యాహారపథ్యమును బికెల్ అను వైద్యుడును అతని సహచరులును ఇంగ్లండులోని బర్మింగ్‌హాములో 1953లో గాని ప్రకటింపలేదు. అదియు పసితనమున మొదలుపెట్టినగాని ప్రయోజనము లేదు. 1960 దశకమున గత్రీ అను నతడు పసిబిడ్డ మడమనుండి తీసిన రక్తపుచుక్కతో ఆ వ్యాధిని పట్టు పద్ధతిని కనిపెట్టిన తరువాత ఎన్నో దేశములలో వేలకొలది బిడ్డలు బుద్ధిమంతులై పెరిగిరి.

అరుదు అను మాటనుగూర్చియు ఒక సందేహము కలదు. ఎవరికి అరుదు? నాటి నెల్లూరు జిల్లాలోని కొన్ని గ్రామములలో నడివయస్సునకే నడుము బిగిసి, మెడ తిరుగక, వెన్ను వంగి కఱ్ఱపట్టినవారు ఇంటింట నుండిరి. పిల్లల పండ్లు మచ్చలుదేరి యుండెడివి. ఆ వ్యాధి కీళ్లవాతమువలెనే మొదలగును. బావినీళ్లలోని ఫ్లోరైడు దీనికి కారణమని షార్ట్, పండిట్, రాఘవాచారి గారలు 1937లో ప్రకటించిరి. ఆ గ్రామములలో కొన్ని తరువాత 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరినవి. 1937కు ముందు ఈ దేశపు వైద్యగ్రంథములలో ఆ వ్యాధికి తావులేదు. ఆ యూళ్లలో అది లేని యరుగు లేదు. పుస్తకమునకు అరుదైనది ఊరికి నిత్యము కావచ్చును. ఇట్టిచోట ఊరిని అడుగకుండ పుస్తకమునే యడిగినవాడు, తాను శాస్త్రీయముగా ప్రవర్తించితినని తృప్తిపడుట యెంత వింత!

చికిత్స లేనప్పుడు పేరు తెలిసి ఏమి ప్రయోజన మనువారు కలరు. నేనును ఒకప్పు డట్లే తలచితిని. మా వీథి తల్లి నా యభిప్రాయమును మార్చెను. వ్యాధికి పేరు తెలిసిననాడు ఆమె యేడ్వలేదు. "అయితే నా పెంపకం కాదన్నమాట" అనెను. ఆ మాటయే మూడుసార్లు అనెను. ఆ తలిదండ్రులది మేనరికము. ఇట్టి వ్యాధులు తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటి, రెండు లోపములు కలిసినప్పుడే బయటపడును. ఒక్క లోపమే కలవారు ఆరోగ్యముగానే యుందురు. రక్తసంబంధీకులకు ఒకే లోపము ఒకే తాతనుండి వచ్చియుండవచ్చును గనుక మేనరికములలో ఈ ప్రమాదము హెచ్చు. మన దేశములో ఈ యాచారమింకను చాలకుటుంబములలో నున్నది. దీనిని గూర్చి చెప్పవలసినదే. కాని బిడ్డ మంచమునొద్ద కూర్చున్న తల్లితో నిందగా చెప్పుట, భూతవైద్యుని చర్నాకోలనే తెల్లకోటు తొడిగి పట్టుకొనుట వంటిది. పేరు తెలియుటచేత కలిగిన మఱియొక ఫలము కలదు. తోడబుట్టినవారికి నాలుగింట ఒకపాలు అదే వ్యాధి యుండవచ్చును. 9 ఏండ్ల తమ్మునికి పరీక్ష చేయించిరి. వానికిని ఉన్నది, లక్షణమొక్కటియు ఇంకను పొడసూపలేదు.

భారతప్రభుత్వము 2021లో అరుదైన వ్యాధులకొక జాతీయవిధానమును ప్రకటించినది. హైదరాబాదులోని నిజాం వైద్యవిజ్ఞానసంస్థ మొదలైనవానిని ఇందుకు కేంద్రములుగా నేర్పఱచిరి. విధానములో చేరిన వ్యాధులకు 50 లక్షల రూపాయలవఱకు సాయము చేయుటకు 2022లో ఒప్పుకొనిరి. సంతోషింపదగినదే. కాని ఆ కేంద్రపు గడప తొక్కవలెనన్నచో ముందుగా వ్యాధిని ఎవరైన శంకింపవలెను. "ఏమియు లేదు" అని వ్రాసిన చీటీతో ఏ సాయమును రాదు.

నా వైద్యమిత్రునితో ఈ సంగతులన్నియు చెప్పి, తెలియనప్పుడు తెలియలేదని చెప్పరాదా యని యడిగితిని. అతడు నవ్వి, "తెలియదంటే రేపు నా దగ్గరికి రాడోయ్. అన్నీ తెలుసుననేవాడి దగ్గరికి పోతాడు" అనెను. ఇది త్రోసివేయదగిన మాట కాదు. ధైర్యముగా అబద్ధమాడువానికిని, వినయముగా నిజము చెప్పువానికిని పోటీపెట్టినచో జనులు తఱచుగా మొదటివానివెంటనే పోవుదురు. నిజము చెప్పిన వైద్యునికి నష్టము, అతనిని విడిచిన రోగికి అంతకంటె నష్టము. అయినను నేను చూచినంతలో, రోగి పోవునది "తెలియదు" అన్న మాట విని కాదు. ఆ మాటతో తలుపు మూసికొన్నప్పుడు. "నాకింకను తెలియలేదు, నెల తరువాత మఱల రమ్ము, ఈలోగా వచ్చిన మార్పులు వ్రాసి యుంచుము, నాకు తోచనిచో ఫలానావారియొద్దకు పంపెదను" అని చెప్పిన వైద్యుని విడిచిపోవువారు అంత యెక్కువగా నుందురని నేననుకొనను. చరకసంహితలో సూత్రస్థానమున త్రిశోథీయమను 18వ అధ్యాయమున నీ విషయమున్నది. వ్యాధి పేరు తెలియనందుకు వైద్యుడు సిగ్గుపడ నక్కఱలేదట. వ్యాధులన్నిటికిని స్థిరమైన పేర్లు లేవట. స్వభావమును, నెలకొన్న తావును, పుట్టిన కారణమును విచారించి చికిత్స చేయవలెనట. ఈ మాట నా మిత్రునికి చెప్పితిని. "చరకుడు రోజుకు ఎంతమందిని చూసేవాడో?" అని యతడడిగెను. నాయొద్ద సమాధానము లేదు. ఒక్కొక్క రోగికి రెండు నిమిషములు గూడ దక్కని మన యాసుపత్రులలో వినయమునకు కూడ కాలము కావలెను. ఆ కాలమును కొని యిచ్చు బాధ్యత వైద్యునిది మాత్రమే కాదు.

పిల్ల యిప్పుడు మందు తినుచున్నది, జీవితాంతము తినవలెను. మాట చాలవఱకు తేరుకొన్నది. చేతివణకు కొంత తగ్గినది గాని పూర్తిగా పోలేదు, పోవునని వైద్యులు చెప్పుట లేదు. శుభలేఖలమీద పేర్లు ఇప్పుడు తమ్ముడు వ్రాయుచున్నాడు. మొన్న వారియింటికి పోయినప్పుడు తల్లి కాఫీ యిచ్చి, కొంతసేపు ఊరకుండి, "ఆ కంటిలో ఉంగరం మొదట చూపించిన్నాడు కూడా ఉండే ఉంటుందా, బాబుగారూ?" అని యడిగెను. చేయి వణకుటకు మొదలుపెట్టినవారిలో ఆ వలయము లేకుండుట చాల అరుదని నేను చదివియుంటిని. ఉండియుండునమ్మా యని చెప్పితిని.